కొత్త పగులు

"పొయ్యి వెలిగించకండి వినిఫ్రెడ్‌గారూ. పొగగొట్టం పగిలింది, విషవాయువు పై గదిలోకి పోతోంది. అక్కడెవరు పడుకుంటారు?" పొగగొట్టంలోకి దించిన కెమెరా తెర చూపిస్తూ అడిగాడు, దాన్ని తుడవడానికొచ్చిన ఎల్డెన్.

"మా ఆయన, అక్టోబరు దాకా. తలనొప్పి, మగత అంటుంటే వెచ్చగా ఉంటుందని, ఒడ్డుకు కొట్టుకొచ్చిన కట్టెలన్నీ ఏరుకొచ్చి వేసేదాన్ని. గుండె ఆగి పోయాడన్నారు డాక్టర్లు." ఆమె తెర మీదికి వంగింది. "ఎప్పటి పగులిది?"

ఎల్డెన్ తెర తనవైపు తిప్పుకున్నాడు. "కొత్తదే లెండి. రెండొందల ఏళ్ల ఇల్లు కదా, మొన్నటి మంచుకి అలిగింది."

"కొత్త పగుల్లో అంత మసి పడుతుందటయ్యా? నేనూ పొగగొట్టాలు తుడిచేవాడి కూతుర్నే."

ఎల్డెన్ కెమెరా తీగ చుట్టడం మొదలెట్టాడు.

"సరే, పగులు మూసుకునేలా లోపల స్టీలు గొట్టం దింపు," అందామె. తను ఏరుకొచ్చిన వాటిలో మిగిలిన కట్టెలు తీసుకెళ్లి, ఇక అంటుకోకుండా వానలో పెట్టి వచ్చింది.