పన్ను వసూలు

"ఇంకొక్క అడుగు లోపలికి పడిందంటే బాగుండదు," అన్నాడు పళ్ళ డాక్టరు, రెండు చేతులూ చాపి గుమ్మానికి అడ్డంగా నిలబడుతూ.

వరండాలో గైడమ్మ, ఆమె వెనక మెట్ల మీద మెడల్లో కెమెరాలు, నెత్తిన టోపీలు వేసుకున్న ఒక గుంపు. పాత బజారులో ఎవరూ పట్టించుకోని చరిత్రని, ఊరు చూడవచ్చినవాళ్ళకి నడిపించి చూపించడం ఆమె పని.

"రెండు నిమిషాలండీ డాక్టరు గారూ. చూసి వెళ్ళిపోతాం."

"ఏం చూస్తారమ్మా? ఇది క్లినిక్కు, మ్యూజియం కాదు. నిన్న మీరొచ్చి, ఈ గదిలో ఒకప్పుడు జనాన్ని హింసించేవాళ్ళని చెప్పి వెళ్ళారు. బయట కూర్చున్న పేషెంట్లు ఒక్కొక్కరే జారుకున్నారు."

"ఉన్నమాటే కదండీ చెప్పాను."

"ఉన్నమాటే అయితే మాత్రం, పళ్ళ డాక్టరు గదిలోనా చెప్పడం?"

గైడమ్మ గొంతు తగ్గించింది. "నా గోడు కూడా వినండి. కోట గోడ ఉన్నచోట సెల్‌ఫోన్ల కొట్టు వచ్చింది. టంకశాల ఉన్నచోట కార్లు పెట్టుకుంటున్నారు. పొద్దుటి నుంచీ 'ఇక్కడ ఉండేది, అక్కడ ఉండేది' అంటూ వీళ్ళకి గాలిని చూపిస్తున్నాను. కప్పుతో సహా మిగిలింది మీ గదొక్కటే. మీరూ కాదంటే రేపట్నుంచి నేను ఇంట్లో కూర్చోవాల్సిందే."

"మీరు లోపలికొస్తే ఇంట్లో కూర్చోవాల్సింది నేను. వారం మొత్తానికి దొరక్క దొరక్క ఒక్క పేషెంటు దొరికాడు. అతనికసలే భయం. మీ కథ చెవినపడితే ఇంకేమన్నా ఉందా?"

వాళ్ళిద్దరూ ఇలా వాదించుకుంటుండగానే గుంపు డాక్టరు చంకల కింద నుంచి దూరి లోపలికి వెళ్ళిపోయింది. డాక్టరు గుండెలు బాదుకుంటూ వెనక్కి పరిగెత్తాడు. తీరా చూస్తే కుర్చీలో మనిషి హాయిగా వెనక్కి వాలి, కళ్ళు మూసుకుని, నోరు బార్లా తెరిచి ఉన్నాడు. నోళ్ళు తప్ప ముఖాలు చూసే అలవాటు లేని డాక్టరుకి పోయిన ప్రాణం తిరిగొచ్చింది.

"సరే, ఏడుపులూ పెడబొబ్బలూ లేకుండా చెప్పుకోండి," అని మాస్కు పైకి లాక్కున్నాడు. అద్దం పెట్టి చూస్తే వెనక దవడ పన్నొకటి నల్లగా పుచ్చి ఉంది. మత్తు సూది పొడిచాడు. అది ఎక్కేదాకా ఎలాగూ ఆగాలి కాబట్టి తనూ ఒక చెవి అటు వేశాడు.

"ఇది ఒకప్పుడు పన్నుల కచేరీ," అంది గైడమ్మ. "రైతులైనా వర్తకులైనా ఇక్కడికే వచ్చి పన్నులు కట్టేవారు. ఒకసారి ఎక్కడో పరదేశం నుంచి కొత్త అధికారి వచ్చాడు. మన భాష ఒక్క ముక్క రాదు. ఆ పూటే ఒక నూనె వర్తకుడు వచ్చి, సరిగ్గా ఆ కుర్చీ ఉన్నచోటే నిలబడి, ప్రాణం పోయినా ఒక్క పన్ను కూడా ఇవ్వనన్నాడు. పన్ను అంటే ఏమిటని అధికారి తన దుబాసీని అడిగాడు. పాపం, దుబాసీకి ఆ రోజు దవడ వాచి నోట మాట రావడం లేదు. నోరు తెరిచి వేలితో చూపించాడు."

గుంపులో చాలామంది చేతులు దవడల మీదికి వెళ్ళాయి.

"తర్వాత?" అన్నాడు డాక్టరు, పట్టకారు చేత్తో పట్టుకుని.

బయట బల్ల దగ్గర పేషెంట్ల పేర్లు రాసుకునే మేనకోడలు లోపలికొచ్చింది. "మావయ్యా, ఒక్క మాట."

"ఉండవే, కథ మంచి పట్టులో ఉంది. చెప్పండి మేడం."

"తర్వాతేముందండీ, వర్తకుడి పన్ను పీకించి, వసూలైనట్టు రాసుకున్నాడు. తెల్లారేసరికి ఊరు ఊరంతా ఈ వీధిలో బారులు తీరింది. కష్టపడి సంపాదించింది కట్టేకంటే ఇదే నయమని. బోసినోటి ముసలాయన ఒకడు మాత్రం, కట్టుకోవడానికి తన దగ్గర ఒక్కటి కూడా లేదని ఏడుస్తూ వెళ్ళిపోయాడట."

గది గదంతా గొల్లుమంది. డాక్టరు కూడా నవ్వాడు. ఆ నవ్వు ఊపులోనే చెయ్యి ఒక్క తిప్పు తిప్పింది. పన్ను ఠంగుమని పళ్ళెంలో పడింది. కుర్చీలోని మనిషి కిక్కురుమనలేదు. గుంపు చప్పట్లు కొట్టింది.

ఇన్నేళ్ళ వైద్యంలో డాక్టరుకి తిట్లే తప్ప చప్పట్లు పడటం ఇదే మొదలు. కళ్ళు చెమర్చాయి. "మేడం, మీరు రోజూ రండి. గుమ్మంలో ఆపితే నామీద ఒట్టు. ఇంత నిమ్మళంగా పన్ను పీకించుకున్న పేషెంటుని నేను చూడలేదు."

"ఇప్పుడైనా నా మాట వింటారా మావయ్యా?" అంది మేనకోడలు. "ఆ పేషెంటు, మీరిద్దరూ గుమ్మంలో పోట్లాడుకునేటప్పుడే పెరటి మెట్లు దిగి పారిపోయాడు."

డాక్టరు చేతిలో పట్టకారు గాల్లోనే ఆగిపోయింది.

కుర్చీలోని మనిషి మెల్లగా లేచాడు. ఒళ్ళో ఉన్న టోపీ తీసి నెత్తిన పెట్టుకున్నాడు. బుగ్గలో దూదితో, మొద్దుబారిన నాలుకతో, గుంపులో ఉన్న భార్య చెయ్యి పట్టుకుని ముందుకు లాగుతూ అన్నాడు:

"ఎన్ని ఊళ్ళు తిరిగినా ఇంత శ్రద్ధగా చూపించినవాళ్ళు లేరే. రా, నువ్వు కూడా కూర్చో, ఇదీ టికెట్లో కలిసే ఉన్నట్టుంది."