అద్దం పక్కన కాగితం

సగం గడ్డం గీసి ఉండగానే ఆ పెద్దాయన కుర్చీలోంచి లేచాడు.

మెడకి గుడ్డ, ఒక చెంప నిండా నురగ. అలాగే అద్దం దగ్గరికి వెళ్లి, పక్కన అంటించి ఉన్న పాత కాగితాన్ని గోటితో గీకడం మొదలుపెట్టాడు.

"అయ్యయ్యో! ఏంటా పని సార్?" చేతిలో కత్తితోనే అరిచాడు బార్బరు.

"పీకెయ్ బాబూ. తప్పుడు రాత ఇది."

"మా నాన్న తన చేత్తో అంటించుకున్నాడు. దాని జోలికి రాకండి."

'బీపీ మాత్రలు మానండి, కిడ్నీలు కాపాడుకోండి' అని పెద్ద పెద్ద అక్షరాలు. నాన్న పోయాక పెద్ద అద్దం బిగించినప్పుడు కాగితం కింది భాగం అద్దం చట్రం వెనక్కి పోయింది. పైన ఉన్నది చాల్లే అనుకుని ఎవరూ పట్టించుకోలేదు.

పెద్దాయన తిరిగొచ్చి కూర్చున్నాడు. ఆ రోజు నుంచి ఆయన పేరు సగం గడ్డం సారు.

ప్రతి సోమవారం, గురువారం షట్టర్ ఎత్తేసరికి గుమ్మం దగ్గర ప్రత్యక్షం. గడ్డం నడుమ ఓ సొట్ట, చిన్నప్పుడెప్పుడో తెగిన గాటు. అక్కడ కత్తి తిప్పాలంటే బార్బరు ఊపిరి బిగపట్టేవాడు.

ఎడమ చెయ్యి మాత్రం ముట్టుకోనిచ్చేవాడు కాదు. ఒకసారి గుడ్డ కప్పుతుంటే పొరపాటున తగిలింది. చర్మం కింద కుట్టుమిషన్ ఆడుతున్నట్టు జుమ్మంది.

"ఏంటి సార్ ఇది?"

"నా తెలివితేటలకి దక్కిన బహుమానం," అని నవ్వేశాడు.

కుర్చీలో కూర్చోగానే ఒకటే పలకరింపు. "మాత్ర వేసుకున్నావా?"

తనకీ బీపీ ఉందని నోరు జారడమే బార్బరు చేసిన పాపం.

"మానేశాను సార్. ఒకటే పొడి దగ్గు. పైగా కిడ్నీలు పోతాయట."

"ఎవరన్నారు?"

బార్బరు కత్తితో కాగితం వైపు చూపించాడు.

"దగ్గొస్తే డాక్టరుకి చెప్పు, వేరే మాత్ర రాస్తారు. కాళ్లు వాచినా అంతే. నీ అంతట నువ్వు మానకు. కిడ్నీల్ని తినేసేది బీపీ నాయనా, మాత్ర కాదు. ఓసారి రక్తం, మూత్రం పరీక్ష చేయించుకో, తేలిపోతుంది. తలనొప్పని నువ్వు మింగే ఆ నొప్పి బిళ్లలున్నాయి చూడు, ముందు వాటిని ఆపు."

"మీరేమన్నా డాక్టరా?"

"కాదు."

"అయితే నోరు కదపకండి, తెగుతుంది."

ఒక రోజు ఉండబట్టలేక పెద్దాయనే అడిగాడు. "నాన్నగారు ఎలా పోయారు?"

"కిడ్నీలే సార్. ఈ కాగితం చూసి మాత్రలు మానేశాడు. ఏం లాభం? అంతకుముందు మింగినవి అప్పటికే పాడుచేసేశాయి. ఇది ఇంకాస్త ముందు దొరికుంటే బతికేవాడు."

పెద్దాయన కళ్లలో నీళ్లు తిరిగాయి.

"కంట్లో నురగ పడింది," అన్నాడు.

బార్బరు ఇంకా బ్రష్షే తడపలేదు.

ఆ తర్వాత ఆయన కాగితం మాటెత్తలేదు. వెళ్లేటప్పుడు మాత్రం, "మాత్ర వేసుకో నాయనా," అని బతిమాలినట్టు అనేవాడు. ఓ సోమవారం రాలేదు. గురువారమూ రాలేదు.

పీడ విరగడైంది అనుకున్నాడు బార్బరు. అనుకున్నాడే గానీ, సోమ, గురువారాల్లో షట్టర్ ఎత్తగానే కళ్లు గుమ్మం వైపే పోయేవి. ఎవరు కూర్చున్నా గడ్డం నడుమకి వచ్చేసరికి చెయ్యి దానంతటదే మెల్లబడేది. పటిక రాస్తుంటే "మాత్ర?" అన్న గొంతు వినపడేది. ఇన్నాళ్లు గడ్డం గీశాను, పేరైనా అడగలేదే అని మనసు పీకేది.

చలికాలంలో ఓ ఉదయం కళ్లు బైర్లు కమ్మి, కత్తి జారి కింద పడింది. భార్య రెక్క పట్టుకుని ఆసుపత్రికి లాక్కెళ్లింది.

డాక్టరమ్మ రిపోర్టు చూసి తల పట్టుకుంది.

"మూత్రంలో ప్రొటీన్ పోతోంది. కిడ్నీలు దెబ్బతినడం మొదలైంది. బీపీ అదుపులో పెట్టుకుంటే ఇంకా నిలబెట్టుకోవచ్చు. మాత్ర ఎందుకు మానేశావయ్యా?"

"దగ్గొచ్చింది మేడం."

"చెబితే వేరేది రాసేదాన్ని కదా! ఇంకొన్నాళ్లు ఆగుంటే పక్క గదికి వెళ్లేవాడివి."

పక్క గదిలో డయాలసిస్ మిషన్లు. మంచాల మీద మనుషులు, వాళ్ల చేతుల్లోంచి గొట్టాలు, గొట్టం గుచ్చిన చోట అదురుతున్న చర్మం. బార్బరుకి తన వేళ్ల కింద జుమ్మన్న ఆ ఎడమ చెయ్యి గుర్తొచ్చింది. అక్కడున్న నర్సుని పట్టుకున్నాడు.

"గడ్డం మీద సొట్ట ఉంటుందమ్మా, ఓ పెద్దాయన..."

"ఆయనా! ఆరేళ్లు వచ్చారు. సోమ, గురువారాలు, నున్నగా గడ్డం గీయించుకుని మరీ. పోయిన వేసవిలో పోయారు." నర్సు గొంతు తగ్గించింది. "జేబులో ఎప్పుడూ ఓ చీటీ ఉండేది. నిండా షాపుల పేర్లే. ఒక్కొక్కటీ కొట్టేసుకుంటూ వచ్చారు. చివరికి ఒక్కటి మిగిలింది. ఆ సెలూన్ అబ్బాయి పీకనివ్వట్లేదమ్మా, అని తెగ బాధపడేవారు."

బార్బరు ఇంటికి వెళ్లలేదు. తిన్నగా షాపుకొచ్చి షట్టర్ ఎత్తాడు. అద్దం స్క్రూలు విప్పాడు. ఆయన ముఖానికి వేసే వేడి గుడ్డతోనే కాగితాన్ని నానబెట్టి, చిరగకుండా మెల్లగా ఊడదీశాడు.

ఇన్నేళ్లూ చట్రం వెనక దాగిన కింది భాగం బయటపడింది.

'రాసి, అచ్చు వేయించి, ఉచితంగా పంచినవారు' అన్న అక్షరాల పక్కన, నల్లటి జుట్టుతో, గడ్డం మీద అదే సొట్టతో, సగం గడ్డం సారు నవ్వుతున్నాడు.