మూడో మెట్టు

కంచం బేస్‌మెంట్ మూడో మెట్టు మీద పెట్టి, అత్తగారు రెండు మెట్లు పైకి జరిగారు. విద్య కింద నుంచి వచ్చి అందుకుంది.

"పెరుగన్నంలోకి మాగాయ వెయ్యనా?"

"చాలు అత్తయ్యా. మీరూ తినండి, చల్లారిపోతుంది."

నెలసరి మూడు రోజుల్లో ఇది రెండో రోజు. అత్తగారు అనంతలక్ష్మికి విద్య చెప్పిన లెక్క అది. నిజానికి విద్యకు నెలసరి ఆగిపోయి ఏడాది దాటింది. గడ్డలు పెరిగి, నెలకు ఇరవై రోజులు రక్తం పోతుంటే, అమెరికాలో వాళ్లుండే నేపర్‌విల్ డాక్టరు ఇక వేరే దారి లేదని గర్భసంచి తీసేశాడు. అప్పటికి ఆమెకు ఇరవై ఎనిమిదేళ్లు. మత్తు వదలగానే భర్త భాస్కర్ చెయ్యి పట్టుకుని ఒక్కటే అడిగింది.

"మీ అమ్మగారికి మాత్రం రాయకండి."

అతను తలూపాడు.

ఆరు నెలలు ఉందామని అత్తగారు తెనాలి నుంచి వచ్చారు. మడీ, ఆచారమూ వదలని మనిషి. కోడలు నెలంతా వంటింట్లోనే తిరుగుతుంటే ఏదో ఒకనాడు అడగక మానరు. అందుకే ఆవిడ వచ్చిన పదో రోజున విద్య తనే దిండు, దుప్పటి చంకన పెట్టుకుని, బయట చేరానని చెప్పింది. ఆవిడ కోడలి ముఖం కేసి కాసేపు చూశారు. స్టవ్ వైపు తిరిగారు.

ఆ అబద్ధంలోనూ కాస్త సరదా ఉండేది. టోస్టర్‌లోంచి రొట్టె ఎగిరినప్పుడల్లా అత్తగారు ఉలిక్కిపడి నవ్వడం కిందికి వినిపించేది. భాస్కర్ ఐస్‌క్రీమ్ కప్పు కోటు జేబులో దాచి తెచ్చి, వెకేషన్ ఎలా ఉందని అడిగేవాడు. విద్య నవ్వేది. అతను పైకి వెళ్లాక దుప్పటి నోట్లో కుక్కుకునేది.

ఐదో నెలలో ఆమె తారీఖు మరిచిపోయింది. గుర్తు చేయడానికి ఒంట్లో ఏముంది గనక? గుర్తొచ్చేసరికి ఆలస్యమైపోయింది. ఆవిడ ఈపాటికే ఆశ పెంచుకుని ఉంటారు. వంటింట్లోకి పరిగెత్తితే, అత్తగారు కేలండర్ ముందు నిలబడి ఉన్నారు.

"వారం దాటింది విద్యా," అన్నారు మెల్లగా. "కింద పక్క వేశాను. వెళ్లి పడుకో."

మనవడి మీద ఆశ ఎప్పుడో వదులుకున్నారన్నమాట. దానికన్నా నాలుగు తిట్టినా బాగుండేది అనిపించింది విద్యకు.

తిరుగు ప్రయాణం రోజు ఓహేర్ విమానాశ్రయంలో అనంతలక్ష్మి కోడలిని దగ్గరకు తీసుకుని తల నిమిరారు. లెక్క ప్రకారం అది రెండో రోజు.

"అత్తయ్యా, నన్ను ముట్టుకున్నారు."

"ఫరవాలేదులే అమ్మా. ఇక కింద పడుకోకు. చలి."

ఇంటికి రాగానే విద్య పక్క తీసేయడానికి కిందికి దిగింది. దిండు గలీబులో ఏదో గరగరలాడింది. తెనాలి చిరునామాతో నీలం ఏరోగ్రామ్ ఉత్తరం, మడతల దగ్గర చిరుగులు పట్టి ఉంది. భాస్కర్ దస్తూరీ. తారీఖు చూస్తే, ఆపరేషన్ అయిన మర్నాడు.

'అమ్మా, విద్యకు గర్భసంచి తీసేశారు, నీకు తెలుసని తనకు తెలియనివ్వకు.'