రాణిగారి ప్రశ్న

పెదవులు చదివి మాటలు పలికించే యంత్రానికి పరిశోధకుడు భీమశంకరం ఓ పాత మూకీ రీలు ఎక్కించాడు. అది ఏ ఊళ్లో తీసిందో ఎవరికీ తెలియదు.

తెరమీద రాజు ప్రాణాలు విడుస్తున్నాడు. రాణి గుండెలు బాదుకుంటూ అడిగింది: "భోంచేశారాండీ?"

"ఆయ్, ఇందాకే చేశానండి. పులస పులుసు బ్రహ్మాండమండి!" అంటూ రాజు కన్నుమూశాడు.

భీమశంకరం పగలబడి నవ్వాడు. సందేహం లేదు, ఇది గోదావరి సినిమాయే!

ఎవరు తిన్నారో చేతికి కట్టుకున్న స్మార్ట్ పట్టీలే అందరికీ చెప్పేస్తున్న ఈ రోజుల్లో, "భోంచేశారా" అన్న ప్రశ్న అతని చెవిన పడి పదేళ్లయింది. ఊరు తేలితే రీలు ఆ ఊరికి తిరిగి పంపేయాలి.

నివేదికలో "ఎక్కడ తీశారో ఇంకా తేలలేదు" అని రాశాడు. కంచంలో అన్నం పెట్టుకుని, రీలు మళ్లీ వేశాడు.

"భోంచేశారాండీ?"

"ఆయ్, ఇప్పుడే కూర్చున్నానండి," అని రాజుకంటే ముందే జవాబిచ్చాడు.