కొత్త బూట్ల మనిషి

ఆ బూట్లను ముందుగా పసిగట్టింది చెప్పులు కుట్టే వాకాబి.

"అక్కా, పాత కోటు, కొత్త బూట్లు. నీ దగ్గరికే వస్తున్నాడు" అన్నాడు తల ఎత్తకుండానే.

పక్కనే పాత పుస్తకాలు పరిచి అమ్ముకునే నబ్విరే చప్పున ఆ కాళ్ల వైపు చూసింది. వేగులకు సర్కారు బట్టలివ్వకపోయినా బూట్లు మాత్రం ఇస్తుందని ఆ ఊళ్లో పసిపిల్లలు కూడా చెబుతారు.

ముసలాయన కుంటుకుంటూ వచ్చి నేరుగా లెక్కల పుస్తకం తీశాడు. అట్ట మాత్రమే లెక్కలది. లోపల ఉన్నది 'చెవుల ఊరు' అనే నవల. పక్కింటివాడి మీద పక్కింటివాడు చాడీలు మోసే ఊరి కథ. రాసినవాడి పేరున్న పేజీ ఎవరో ఎప్పుడో చింపేశారు. పోయిన నెల ఆ నవల చదువుతున్న కాలేజీ పిల్లను నంబరు లేని వ్యాను ఎక్కించుకుపోయింది. పిల్ల ఇంకా తిరిగి రాలేదు. అప్పటినుంచి కథ ఎక్కడ అయిపోయిందో, తమ బతుకు ఎక్కడ మొదలైందో నబ్విరేకు తెలియడం లేదు.

మూడు రోజులు వచ్చి నిలబడే చదివాడు.

"కుర్రకారు చదువుతున్నారామ్మా దీన్ని?" అని అడిగాడు ఒకసారి.

"ఏమోనయ్యా. తూకానికి కొన్న కాగితాలు. నాకు చదువు రాదు" అంది, నాలుగుసార్లు చదివిన నబ్విరే.

ఇక్కడొక పేరా ఎగిరిపోయిందే అని గొణుక్కున్నాడు మరోసారి. అమ్మో, వీళ్లు పేరాలతో సహా లెక్క పెట్టుకున్నారు అనుకుంది ఆమె.

నాలుగో రోజు, చివరి అధ్యాయం మిగిలింది, కొనుక్కుంటానన్నాడు.

అమ్ముడుపోయిందంది. పుస్తకం ఆమె కూర్చున్న గోనెపట్టా కిందే ఉంది.

ముసలాయన ఏదో చెప్పబోయాడు. అంతలో వాకాబి సుత్తి చప్పుడు ఆగింది. అటు చూసి నోరు మూసుకున్నాడు.

"పోనీలే తల్లీ. జాగ్రత్త" అని దగ్గుకుంటూ వెళ్లిపోయాడు.

"ఇంకా దాన్ని దాచుకోవడమంటే కొరివితో తల గోక్కోవడమే" అన్నాడు వాకాబి. సాయంత్రం అరటికాయలు కాల్చే కుంపట్లో నబ్విరే ఒక్కో పేజీ వేసింది. కళ్లు తుడుచుకుంటూ, "పొగ" అంది.

రెండు వారాలకు ఒక అమ్మాయి వచ్చి వాకాబి ముందు నల్లబూట్లు పెట్టింది. ఎవరికైనా అమ్మిపెట్టమంది.

"మీ నాన్నవా?" వాకాబి గొంతు తగ్గింది. "సర్కారు ఉద్యోగమా?"

"పదకొండేళ్లు సర్కారు జైలు. వట్టి కాళ్లతో ఇంటికొస్తే నేనే కొన్నాను. కరిచాయి, అయినా తొడుక్కునే తిరిగాడు."

అమ్మాయి నబ్విరే పక్కన కూర్చుంది.

"అక్కా, రేపు ఖననం. మీ దగ్గర ఒక పుస్తకం ఉందన్నాడు, లెక్కల అట్ట వేసి ఉంటుందట. నాన్న పెట్టెలో పెడదామని."

నబ్విరే కుంపటి వైపు చూసింది.

"చిరిగినా పర్లేదక్కా. అది రాసినందుకే నాన్నని పట్టుకెళ్లారు, అచ్చులో చూసుకున్నది మాత్రం ఇక్కడే, ఆ మూడు రోజులే."