రాణిగారి వీణ

"సరిగ్గా ఇక్కడేనండీ, రాణిగారు రాజుగారి వీణను నీళ్ళలోకి విసిరేశారు," అన్నాడు గైడు మైకులో.

పొద్దుట్నుంచీ సరస్సు ఒడ్డునున్న ఊళ్ళన్నీ తిరిగి అలసిన యాత్రికులు పడవలో హాయిగా నవ్వారు. కొడుకు పని చూద్దామని మొదటిసారి వచ్చిన గైడు తల్లి మాత్రం ఉలిక్కిపడింది.

"ఎందుకట?" ఎవరో అడిగారు.

"కొత్తగా పెళ్ళయి షికారుకొచ్చారు. ఆవిడ కబుర్లు చెబుతుంటే ఈయన వీణ వాయించుకుంటూ కూర్చున్నాడు. ఒళ్ళు మండదూ?"

తల్లి పక్కనున్న భర్తను మోచేత్తో పొడిచింది. ఆయన ఇయర్‌ఫోను తీశాడు.

"వీడు చెప్పేది వీణ కాదు, మన రేడియో," అంది గుసగుసగా. "జారిపడిందన్నాను కదా మీతో. విసిరేశానని వీడికెవరు చెప్పారు?"

ఆయన ఇయర్‌ఫోను తీగ చుట్టసాగాడు.

"మరి రాజుగారు ఏమన్నారు?" అని ఒక యాత్రికుడు గైడును అడిగాడు.

"జారిపోయిందని రాణిగారంటే, పోనీలే అన్నారు," అన్నాడు గైడు, తల్లివైపు చూడకుండా. "విసరడం కళ్ళారా చూశారు. ఆవిడ చిన్నబుచ్చుకుంటుందని ఊరుకున్నారు."

ఆవిడ భర్తవైపు తిరిగింది. "చూశారా మీరు?"

"జారిన రేడియో అంతెత్తు ఎగురుతుందా?"

"ఇన్నేళ్ళలో ఒక్క మాటైనా అన్నారా?"

ఆయన ఫోను ఆపి, ఆవిడ చేతిసంచిలో వేసి, జిప్పు లాగాడు.

"ఇందులోంచి జారదులే. పొద్దుట్నుంచీ ఏదో చెబుతున్నావుగా, చెప్పు."