ఎనిమిది మిల్లీమీటర్ల మొహమాటం

మళ్ళీ వచ్చాడు మహానుభావుడు, అనుకున్నాడు ఆమోసు.

ఆటోనగర్‌లో ఇరవై ఏళ్ళుగా బేరింగులు అమ్ముతున్నాడతను. లారీలవాళ్ళు, ట్రాక్టర్లవాళ్ళు తప్ప ఇంకొకరు తొక్కని కొట్టు. అలాంటిది, ఇస్త్రీ చొక్కా వేసుకుని, గొడుగు పట్టుకుని రిటైర్డు ఉద్యోగి రామకోటేశ్వరరావు ఈ వారంలో రావడం ఇది నాలుగోసారి.

మొదటిరోజు "ప్రింటరుకి బేరింగు కావాలండీ" అన్నాడు. ఆ గోలలో సరిగ్గా వినిపించక, ఆమోసు లారీ చక్రం బేరింగు తీసి, గుడ్డతో తుడిచి బల్ల మీద పెట్టాడు. ఆయన మారుమాట్లాడకుండా కొనుక్కుపోయాడు. రెండోరోజు పంపుసెట్టుది. మూడోరోజు ఫ్యానుది.

"ఇది కాదు అని ఒక్క ముక్క అనొచ్చు కదండీ!" ఆమోసుకి తిక్కరేగింది.

"మీరంత శ్రద్ధగా తుడిచి పెట్టాక ఎలా అంటామండీ? మొహమాటం."

"అసలేం ప్రింటరది?"

"కాగితాలది కాదండీ. ప్లాస్టిక్ కరిగించి బొమ్మలు పోసేది. దాని మూతి రెండు కడ్డీల మీద అటూ ఇటూ పరిగెడుతుంది. కడ్డీ మందం ఎనిమిది మిల్లీమీటర్లు. పోయిన ఆదివారం దారం చుట్టి కొలిచాను."

"మరి బాధేంటి?"

"చప్పుడు బాబూ! పొద్దున మొదలెడితే దీపాలు పెట్టేదాకా కీచు, గర్ర్, కీచు, గర్ర్. మా పద్మావతి మధ్యాహ్నం కునుకు తీసి నాలుగు నెలలైంది. ఈ ఆదివారానికి ఆగకపోతే సాయంత్రం బస్సుకి చల్లపల్లి, వాళ్ళన్నయ్య ఇంటికి పోతానంటోంది. సూట్‌కేసు సర్దేసింది కూడా. నలభై ఏళ్ళ కాపురం... మీ చేతుల్లో పెట్టాను."

"కట్టేసుకుంటే పోలా?"

"అన్నం పెట్టే మెషినండీ. ఎలా కట్టేస్తాం?"

ఆమోసు జాలిపడ్డాడు. పక్క సందులోంచి మూడు రకాలు తెప్పించాడు. ఎనిమిది మిల్లీమీటర్ల కడ్డీ ఒకటి బల్లకి బిగించాడు. రామకోటేశ్వరరావు వెంటనే భార్యకి ఫోన్ కలిపి, స్పీకరు పెట్టి, కడ్డీ దగ్గర పట్టుకున్నాడు.

మొదటిది ఉక్కుది. లోపల ఆవగింజలంత గుండ్లు. ఆమోసు అటూ ఇటూ జార్చాడు.

"అమ్మో, ఇదే! ఈ పీడే!" ఫోన్లో పద్మావతమ్మ కేక. "అవతల పారేయించండి!"

రెండోది నల్ల చుక్కల ఇత్తడిది.

"కాస్త నయమే. కానీ గొంతు అదే. దాని తమ్ముడిలా ఉంది."

మూడోది నల్ల ప్లాస్టిక్‌ది. గుండ్లు లేవు, నూనె అక్కర్లేదు.

"ఊఁ, కానివ్వమనండి," అంది పద్మావతమ్మ.

"అవుతోందే."

"ఏదీ, వినపడదే?"

"అదేనే మరి!"

అవతల ముక్కు చీదిన చప్పుడు.

"ఇవే ఖాయం. కానీ తొడగడం సున్నితమైన పని," హెచ్చరించాడు ఆమోసు. "బిగువైతే కదలవు, వదులైతే బొమ్మ వంకరపోద్ది. నేనే వచ్చి వేస్తాలెండి."

"ఆదివారం పొద్దున ఎనిమిదికి రండి. తొమ్మిదిన్నరకల్లా అయిపోవాలి. ఆ వేళకి మేడ మీద ఎవరూ ఉండరు."

"పదింటికి నాకు చర్చి ఉందండీ. నాకూ అదే నయం."

ఆదివారం భవానీపురంలో మేడ ముందు బండి ఆపేసరికి, కింద వరండాలో పద్మావతమ్మ సూట్‌కేసు మీద చెయ్యేసి కూర్చుని ఉంది. కళ్ళ కింద నల్లటి వలయాలు.

"దేవుడిలా వచ్చావు నాయనా," అంది.

రామకోటేశ్వరరావు మునివేళ్ళ మీద మేడెక్కాడు. గుమ్మం పక్కనున్న మందారం కుండీలో అలవాటుగా చెంబెడు నీళ్ళు పోశాడు. జేబులోంచి తాళంచెవి తీసి తలుపు తెరిచాడు. ఏ స్విచ్చు నొక్కితే ఏది వెలుగుతుందో తెలియక నాలుగూ నొక్కాడు. మొహమాటం మనిషి, సొంత స్విచ్చుల దగ్గర కూడా మొహమాటమే, అని నవ్వుకున్నాడు ఆమోసు.

గోడకి గుణదల మాత పటం. బల్ల మీద వేలెడంత మేరీమాత బొమ్మలు, వరసగా. తిరునాళ్ళకి అమ్మకానికి కాబోలు. మాత దగ్గరికి అన్ని మతాలవాళ్ళూ వెళ్తారు, ఇందులో వింతేముంది?

పాత బేరింగులు ఊడదీశాడు. గుండ్లు అరిగి రాలిపోతున్నాయి. కడ్డీలు తుడిచి, కొత్తవి తొడిగి, వేలితో జరిపి చూసి, మళ్ళీ సర్ది బిగించాడు. గంట పట్టింది. స్విచ్చు వేశాడు.

మూతి అటు వెళ్ళింది. ఇటు వచ్చింది. రామకోటేశ్వరరావు చెవి ఆనించాడు. కళ్ళ వెంట నీళ్ళు.

"ఏమండీ, ఇంకా మొదలెట్టలేదా?" కిందనుంచి పద్మావతమ్మ గుసగుస.

"నడుస్తోందే!"

కింద సర్రుమని సూట్‌కేసు జిప్పు తెరిచిన చప్పుడు. మేడ మీదికి స్పష్టంగా వినిపించింది.

ఆమోసు పాత బేరింగులు కాగితంలో చుట్టబోతుంటే మెట్ల మీద అడుగుల చప్పుడైంది. తలమీద చున్నీ, చేతిలో ప్రార్థన పుస్తకంతో ఒకమ్మాయి గుమ్మంలో ఆగిపోయింది.

"మీ అమ్మాయాండీ?" అన్నాడు ఆమోసు.

రామకోటేశ్వరరావు చప్పున గొడుగు విప్పాడు. దాని వెనక దాక్కోవాలని చూస్తున్నాడు.

ఆ అమ్మాయి సడీచప్పుడూ లేకుండా తిరుగుతున్న మెషిన్ని చూసింది. కాగితంలోని పాత బేరింగుల్ని చూసింది. అవసరానికుంటుందని తను ఇచ్చి ఉంచిన తాళంచెవిని ఆయన చేతిలో చూసింది.

"ఏంటంకుల్, మా మెషిన్ చప్పుడు కింద మీ వాటాలోకి వినిపిస్తోందని ఒక్క ముక్క చెబితే సరిపోయేది కదా!"